సంఘం గడపకు చేరని సమన్లు
క్రిమినల్ కేసుల సమన్లను ఎలక్ట్రానిక్ రూపంలో పంపేందుకు 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వీలు కల్పించినా, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో స్వచ్ఛంద సంస్థలపై దాఖలయ్యే సివిల్ దావాల గతి నేటికీ రికార్డుల్లోని పాత చిరునామాపైనే ఆధారపడి ఉండటం సమంజసం కాదు. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద నమోదైన సంఘం తన పేరుతోనే దావా వేయగల, దావాను ఎదుర్కోగల చట్టబద్ధ వ్యక్తి కనుక, సివిల్ ప్రక్రియా స్మృతి 29వ ఆర్డరు ప్రకారం సమన్లను, అంటే కోర్టుకు హాజరు కావాలన్న ఉత్తర్వును, కార్యదర్శికో మరో ముఖ్య బాధ్యుడికో అందజేయాలి, లేదా రిజిస్టరైన కార్యాలయంలో ఉంచాలి, లేదా అక్కడికి టపాలో పంపాలి. అద్దె గదిని ఖాళీ చేసిన సంఘం ఆ సంగతి నమోదు చేయించకపోతే, కోర్టు అమీనా ‘తలుపు తాళం వేసి ఉంది’ అని సమన్ల వెనుక రాసి తిప్పి పంపడం, కేసు వాయిదా పడటం మామూలవుతుంది. ఆపై ఏడు రోజుల్లో కొత్త సమన్లకు దరఖాస్తు చేయని వాది దావా కొట్టివేతకు గురవుతుంది; మరోవైపు, ఆ పాత చిరునామాలో సమన్లు అందినట్లే భావించి కోర్టు ఏకపక్ష డిక్రీ, అంటే ప్రతివాది వాదన వినకుండా ఇచ్చే తీర్పు, ఇస్తే సభ్యులు చెమటోడ్చి కూడబెట్టిన ఆస్తికే ముప్పు వస్తుంది. కాబట్టి జిల్లా రిజిస్ట్రార్ ఏటా ప్రతి సంఘం కార్యవర్గ జాబితాను, చిరునామాను, ఈమెయిల్‌ను రాబట్టి ప్రజలకు అందుబాటులో ఉంచాలి. ఈమెయిల్ ద్వారా సమన్లు పంపేందుకు 5వ ఆర్డరు ఇప్పటికే కల్పించిన వీలును కోర్టులు విరివిగా వాడాలి. ప్రజల విరాళాలతో నడిచే సంస్థకు చట్టం ముందు దొరికే చిరునామా ఉండటం కనీస బాధ్యత.