గొళ్లెం ఉన్న గది కావాలి

మీ ఇంట్లో కూతురో కోడలో ప్రసూతి సెలవు ముగించుకుని త్వరలో ఉద్యోగానికి వెళ్లబోతోందా? అయితే ఈ వారం ఈ మాటలు ఆమె ఒక్కతే కాదు, ఇంట్లో అందరూ చదవండి. పాలు ఆమెవే. కానీ ఆమె గడప దాటాక ఆ పాలు బిడ్డ నోటిదాకా చేరాలంటే ఇంట్లో ఇద్దరు, ఆఫీసులో ఇద్దరు పూనుకోవాలి.

ముందు చిన్న లెక్క చూద్దాం. మొదటి రెండు కాన్పులకు చట్టం ఇచ్చే జీతంతో కూడిన సెలవు 26 వారాలు. 2017లో చట్టాన్ని సవరించకముందు అది 12 వారాలే. బిడ్డకు ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా పట్టొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 26 వారాలంటే ఆరు నెలలే కదా, లెక్క సరిపోయిందనిపిస్తుంది. కానీ అందులో 8 వారాల వరకు కాన్పుకు ముందే వాడుకోవచ్చు. బీపీ పెరిగో, కాళ్లు వాచి బస్సెక్కలేకో ముందుగా సెలవు పెట్టినవాళ్లకు కాన్పయ్యాక మిగిలేది 18 వారాలు. అంటే నాలుగు నెలలు దాటిన బిడ్డను ఇంట్లో వదిలి వెళ్లాలి. ఆ బిడ్డ ఇంకా పాలమీదే బతుకుతోంది. ఆరు నెలలు నిండాక చేరినవాళ్లకు కాస్త నయం. రాగిజావ, మెత్తటి పప్పన్నం మొదలవుతాయి కాబట్టి మధ్యాహ్నం ఒక పూట గడుస్తుంది. అయినా పాలు మానిపించే వయసు కాదది. రెండేళ్లు, ఆపైన కూడా పాలివ్వొచ్చు.

‘ఉద్యోగంలో చేరింది, పాలు తగ్గిపోయాయి’ అన్న మాట మనకు బాగా అలవాటు. దాని వెంటే వెల్లుల్లి కారం, మెంతులు, కోస్తా వైపైతే సొరపుట్టు వచ్చేస్తాయి. తినొద్దని కాదు, బాలింతకు మంచి తిండి అవసరమే. కానీ పాలు తగ్గడానికి కారణం చాలాసార్లు తిండిలో ఉండదు. ఏటి ఇసుకలో చెలమ తీసినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. తోడేకొద్దీ నీరు ఊరుతుంది, వదిలేస్తే పూడిపోతుంది. రొమ్ములు నిండిపోయి గంటల తరబడి అలాగే ఉంటే, ఇంత అవసరం లేదన్న సంకేతం శరీరానికి అందుతుంది. మర్నాడు కాస్త తక్కువ ఊరతాయి, ఆ మర్నాడు ఇంకాస్త తక్కువ. ఉదయం ఎనిమిదికి ఇల్లు వదిలి సాయంత్రం ఆరుకు తిరిగొచ్చే తల్లి మధ్యలో ఒక్కసారి కూడా పాలు తీయకపోతే, కొద్ది వారాల్లోనే డబ్బా పాలు ఇంటికొస్తాయి. నింద మాత్రం ఆమె ఒంటిమీద పడుతుంది.

మరి మధ్యలో ఎందుకు తీయదు? బద్ధకించి కాదు. తీసే చోటు లేక.

బిడ్డ నోరు తగలగానే, ఒక్కోసారి ఏడుపు చెవిన పడగానే తల్లికి పాలు చేపుకొస్తాయి. ఆక్సిటోసిన్ అనే హార్మోను చేసే పని ఇది. మనసులో కంగారు, సిగ్గు, తలుపు ఎవరు తోసుకొస్తారోనన్న భయం ఉంటే చేపు సరిగా రాదు. పోలిక మొరటుగా ఉందనుకోకండి గానీ, పాడి ఉన్న ఇళ్లలో పెద్దలకు ఇది ఎప్పుడో తెలుసు. కొత్త మనిషి వచ్చి నిలబడితే గేదె చేపదని, పాలు తీసేటప్పుడు పిల్లల్ని కూడా అటు పోనివ్వరు. అదే ఇంటి కోడలు మాత్రం ఆఫీసు బాత్‌రూమ్‌లో, కమోడు మూత మీద కూర్చుని, బయట ఎవరో తలుపు తడుతుంటే సీసా నిండా పాలు తీసుకురావాలి!

బాత్‌రూమ్‌లో కూర్చుని టిఫిన్ బాక్సు విప్పమంటే మనలో ఎవరమైనా విప్పుతామా? ఆ సీసాలో ఉన్నది నాలుగు నెలల బిడ్డ మధ్యాహ్న భోజనం. హైటెక్ సిటీ వైపు పెద్ద కంపెనీల్లో కొన్నిచోట్ల తల్లుల కోసం గదులు ఏర్పాటు చేస్తున్నారు. సంతోషమే. కానీ మన ఆడవాళ్లలో ఎక్కువమంది పనిచేసేది అక్కడ కాదు. బడిలో స్టాఫ్‌రూమ్ తలుపుకు గడియ ఉండదు. బ్యాంకు శాఖలో ఉన్న ఒకే ఒక్క విడి గది మేనేజరుది. చీరల షోరూమ్‌లో అయితే కూర్చోవడానికి స్టూలు దొరకడమే గొప్ప. అడగాలంటే అడిగేది మగ అధికారిని. ఏమని అడగాలి? ఈ మాట నోట్లోంచి రాకే చాలామంది పాలు తీయకుండా ఉండిపోతారు. మధ్యాహ్నానికి జాకెట్టు తడిసిపోతుంది, పైన చున్నీ కప్పుకుంటారు.

చట్టం ఏమంటోంది? 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టంలోనే ఒక నిబంధన పెట్టారు. బిడ్డకు 15 నెలలు నిండేవరకు, మామూలు విశ్రాంతి సమయం కాక, పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు ఇవ్వాలి. 2017 సవరణలో మరొకటి చేరింది. 50 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు పిల్లల సంరక్షణ కేంద్రం పెట్టాలి. తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లి రావచ్చు. 2020 నాటి సామాజిక భద్రత కోడ్‌లోనూ ఇవి ఉన్నాయి. తనకు దక్కే ప్రసూతి ప్రయోజనాలేమిటో ఉద్యోగంలో చేర్చుకునేటప్పుడే సంస్థ రాతపూర్వకంగా తెలపాలని కూడా సవరణలో రాశారు. మీకు అలాంటి కాగితం ఇచ్చారేమో పాత ఫైళ్లు ఒకసారి తిరగేయండి. పని స్వభావాన్ని బట్టి, ఇద్దరూ ఒప్పుకుంటే, సెలవు తర్వాత కొంతకాలం ఇంటి నుంచి పనిచేసే వీలు కూడా ఉంది.

అయితే ఆ రెండు విరామాలు రాసినప్పుడు బిడ్డ దగ్గరలోనే ఉంటుందని అనుకున్నారు. మిల్లు పక్కనే ఉయ్యాల ఉన్న కాలం అది. ఇవాళ తల్లి మాదాపూర్‌లో, బిడ్డ ఉప్పల్‌లో అమ్మమ్మ దగ్గర. మధ్యలో మెట్రో, ట్రాఫిక్. ఇరవై నిమిషాల విరామంలో బిడ్డ దగ్గరికి వెళ్లి రావడం జరిగే పనేనా? అందుకే ఆ విరామాన్ని పాలు తీసి భద్రపరచుకోవడానికి వాడుకోనివ్వాలి. చట్టం ఉద్దేశం బిడ్డకు పాలు అందడమే అయినప్పుడు, అందే దారి మారితే అభ్యంతరం ఎందుకుండాలి? ఈ పేజీ చదివేవాళ్లలో టీమ్ లీడర్లు, హెడ్‌మాస్టర్లు, బ్రాంచి మేనేజర్లు, షాపు యజమానులు ఉన్నారు. మిమ్మల్ని కోరేది పెద్ద ఖర్చు కాదు. లోపలి నుంచి గొళ్లెం పడే గది, ఒక కుర్చీ, వీలైతే ప్లగ్గు, చేతులు కడుక్కునే నీళ్లు, ఫ్రిజ్‌లో ఒక మూల. రోజుకు రెండు మూడుసార్లు, ఇరవై నిమిషాల చొప్పున. టీకి, సిగరెట్‌కి కిందికి వెళ్లొచ్చేవాళ్ల నిమిషాలను మనం ఎప్పుడూ లెక్కపెట్టలేదు. 2023లో ప్రపంచ తల్లిపాల వారోత్సవాల అంశమే ఉద్యోగం చేసే తల్లిదండ్రులు. ఏటా ఆగస్టు మొదటి వారంలో గోడకు పోస్టరు అంటించే ఆఫీసులు, ఈసారి ఆ గోడ పక్కనున్న స్టోర్‌రూమ్ ఖాళీ చేయిస్తే బాగుంటుంది.

ఇక తల్లులకు. అడగడం కష్టమే, కాబట్టి ఎదురుగా నిలబడి అడగాల్సిన పని పెట్టుకోకండి. చేరడానికి రెండు మూడు వారాల ముందే ఓ మెయిల్ పంపండి. ‘బిడ్డకు పాలు తీసి పెట్టుకోవడానికి రోజూ ఫలానా వేళల్లో ఇరవై నిమిషాలు, ఒక గది కావాలి’ అని రెండు వాక్యాలు చాలు. క్షమించమని రాయకండి. ఆ ఆఫీసులోనే పిల్లల్ని కన్న సీనియర్ ఒకరిని ముందే మాట్లాడి పెట్టుకోండి. ఆమె మాట సాయం చేస్తే సగం పని అయినట్టే.

పంప్ కొనాలా అంటే, తప్పనిసరి కాదు. చేత్తో తీయడం వస్తే ఖర్చు లేదు, మోత లేదు, కరెంటుతో పని లేదు. బొటనవేలు, చూపుడువేలు నల్లభాగం అంచుకు కాస్త వెనక పెట్టి, ముందు ఛాతీ వైపు నొక్కి, తర్వాత రెండు వేళ్లనూ దగ్గరకు తెచ్చి నొక్కాలి, వదలాలి. చర్మం మీద వేళ్లు రుద్దుకుపోకూడదు, చనుమొనను పట్టి లాగకూడదు. ముందు గోరువెచ్చని గుడ్డ కాసేపు వేసి, ఫోన్‌లో బిడ్డ వీడియో చూసుకుంటే చేపు త్వరగా వస్తుంది. రోజుకు మూడుసార్లు తీసేవాళ్లకు మాత్రం కరెంటు పంప్ సౌకర్యం. కొనేటప్పుడు రొమ్ముకు ఆనించే గరాటు కొలత సరిచూసుకోండి. నొప్పి పుడుతోందంటే చాలాసార్లు తప్పు ఆ కొలతదే.

మొదటి రోజుల్లో సీసా అడుగున కొద్దిగా కనిపించేసరికి కళ్లనీళ్లు పెట్టుకోవద్దు. ఒకసారికి రెండు వైపులా కలిపి 60 నుంచి 120 మిల్లీలీటర్లు వస్తే మామూలే. బిడ్డ చీకినంత బాగా ఏ యంత్రమూ తీయలేదు. మూడు గంటలకోసారి తీయడం మంచిది. మీటింగు ఉందని మానేస్తే రొమ్ములు రాయిలా గట్టిపడతాయి. ఒకచోట ఎర్రబడి, నొప్పి, జ్వరం వస్తే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించుకోండి. అలాంటప్పుడు పాలు తీయడం ఆపకూడదు, ఆపితే ఇంకా ముదురుతుంది.

తీసిన పాలు ఎంతసేపు ఉంటాయన్నది అందరి సందేహం. 25 డిగ్రీలు మించని గదిలో 4 గంటలు. ఈ లెక్క ఏసీ ఆఫీసుకు సరే గానీ, మన మే నెల స్టాఫ్‌రూమ్‌కు కాదు. అక్కడ వెంటనే చల్లబరచాల్సిందే. ఐసు ప్యాకులు పెట్టిన ఇన్సులేటెడ్ బ్యాగులో 24 గంటల వరకు, ఫ్రిజ్‌లో 4 రోజుల వరకు ఉంటాయి. ఫ్రిజ్ తలుపులో కాక లోపల వెనక వైపు పెట్టండి, సీసా మీద తేదీ రాయండి. ఆఫీసు ఫ్రిజ్‌లో పెడుతుంటే మాత్రం కవరులో చుట్టి పేరు రాయడం మంచిది. లేకపోతే ఎవరి కాఫీలోకో వెళ్లగలవు!

అమ్మమ్మలకు, నానమ్మలకు కొన్ని మాటలు. పిండి నిల్వ ఉంచిన పాలు పడితే బిడ్డకు అజీర్తి చేస్తుందని చాలామంది భయపడతారు. హైదరాబాద్ నిలోఫర్ ఆస్పత్రిలో ధాత్రి పేరుతో తల్లిపాల బ్యాంకే నడుస్తోంది. తల్లులు ఇచ్చిన పాలను శుద్ధి చేసి, నిల్వ ఉంచి, నెలలు నిండకుండా పుట్టిన పసికందులకు పడతారు. అరచేతిలో పట్టేంత బిడ్డకు సరిపడే పాలు, మీ మనవడికి సరిపడవా? ఫ్రిజ్‌లో ఉంచిన పాలపైన మీగడలా తేలితే విరిగాయని పారబోయకండి. అది కొవ్వు. సీసాను మెల్లగా తిప్పితే కలిసిపోతుంది. పొయ్యి మీద కాచొద్దు, మైక్రోవేవ్‌లో పెట్టొద్దు. వేడినీళ్ల గిన్నెలో సీసా ఉంచి గోరువెచ్చగా చేస్తే చాలు. పట్టడానికి కొత్త సీసా కొనక్కర్లేదు. మన ఇళ్లలో తరతరాలుగా ఉన్న ఉగ్గుగిన్నె ఇందుకు చక్కగా పనికొస్తుంది. కడగడం తేలిక, చనుమొనకూ సీసా పీకకూ తేడా తెలియక బిడ్డ తికమకపడే బాధ ఉండదు. ఒకసారికి కొంచెం కొంచెంగా తీసి పట్టండి. బిడ్డ వదిలేసిన పాలు రెండు గంటలు దాటితే పారబోయాల్సిందే, అంత కష్టపడి తెచ్చిన పాలు వృథా అయితే కడుపు తరుక్కుపోతుంది.

భర్తలకు ఒకే పని. రాత్రి ఆ సీసాలు, పంప్ విడిభాగాలు వేరే గిన్నెలో సబ్బునీళ్లతో కడిగి, మరిగే నీళ్లలో ఉడికించి, ఆరబెట్టి, ఐసు ప్యాకులు ఫ్రీజర్‌లో పెట్టే బాధ్యత మీది. ఆమె పది గంటలు బయట ఉండి వచ్చింది. రాగానే బిడ్డను ఒళ్లో పెట్టి ఆమెను కదలనివ్వకండి. సాయంత్రం, రాత్రి, తెల్లవారుజామున నేరుగా పాలివ్వడమే పాలు ఎండిపోకుండా కాపాడుతుంది.

ఇన్ని చేసినా కొందరికి పాలు చాలకపోవచ్చు, డాక్టరు డబ్బా పాలు రాయవచ్చు. అందులో తప్పు లేదు, ఆ తల్లిని ఎవరూ ఒక్క మాట అనడానికి వీల్లేదు. కానీ తలుపుకు గొళ్లెం లేక బిడ్డ డబ్బా పాలకు మారాల్సి రావడం మాత్రం మనం ఒప్పుకోకూడదు.

ఉద్యోగంలో చేరే తేదీ మీ చేతిలో ఉంటే సోమవారం కాకుండా గురువారం చూసుకోండి. రెండు రోజులు పనిచేస్తే శని, ఆదివారాలు వస్తాయి. శనివారం సెలవు లేని ఉద్యోగమైతే శుక్రవారం చేరండి. అంతకు ముందు వారం ఒకరోజు నాలుగు గంటలు ఇంటి నుంచి బయటికి వెళ్లి రండి. ఉగ్గుగిన్నెతో అమ్మమ్మ ఎలా పడుతోందో, బిడ్డ ఎంత తాగుతోందో, మీకు ఏ వేళకు రొమ్ములు బరువెక్కుతున్నాయో ఆ నాలుగు గంటల్లో తెలిసిపోతుంది. ఆఫీసుకు పంపే మెయిల్‌లో ఆ వేళలే రాయండి.