నట్టుకూ ఒక డోసు ఉంటుంది

ఈరోజు పంట ముచ్చట కాదు, కారు చక్రం ముచ్చట. ఐదు నిమిషాలు ఓపిగ్గా చదవండి.

పోయిన నెల ఒక రాత్రి నాన్నకు ఆయాసం వస్తే కార్లో ఆసుపత్రికి బయల్దేరాం. సగం దారిలో పంక్చర్. స్టెప్నీ ఉంది, జాకీ ఉంది, పానా ఉంది. కానీ ఒక్క నట్టు కదిలితే ఒట్టు! పానా మీదెక్కి తొక్కితే స్టడ్డు పుటుక్కున విరిగింది. దేవుడిలా ఒక ఆటో వచ్చింది కాబట్టి సరిపోయింది. నాన్న ఇప్పుడు బాగానే ఉన్నాడు.

అంతకు పది రోజుల ముందే టైరు మార్పించా. ఎయిర్ గన్‌తో బిగిస్తున్న కుర్రాడితో "ఇంకాస్త గట్టిగా కొట్టరా" అన్నది నేనే. తప్పు నాదే.

ఎంత గట్టిగా బిగిస్తే అంత మంచిదని మన నమ్మకం. అది తప్పు. యూరియా ఎక్కువేస్తే వరి పడిపోదా? నట్టుకూ ఒక డోసుంది. దాన్ని టార్క్ అంటారు, న్యూటన్ మీటర్లలో కొలుస్తారు. మీటరు రాడ్డు చివర పది కిలోలు వేలాడదీస్తే సుమారు 98. చాలా చిన్న కార్లకు కావాల్సింది 85 నుంచి 110 మధ్యే. మీ బండికి ఎంతో కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది.

ఇప్పుడు లెక్క చూడండి. 30 సెంటీమీటర్ల పానా మీద 60 కిలోల మనిషి నిలబడితే 176 దాటుతుంది. అదే పానాకి మీటరు పైపు తొడిగి నిలబడితే 580 పైనే! స్టడ్డు సాగుతుంది, మరలు పోతాయి, బ్రేకు డిస్కు వంకరపోవచ్చు. అలాగని వదులుగా ఉంటే ఇంకా ప్రమాదం. చక్రం ఊగి ఊగి, చివరికి ఊడిపోతుంది. లోపల ఉండేది మన పిల్లలే.

చేయాల్సింది ఇంతే. మరలకు ఆయిల్, గ్రీజు పూయొద్దు. పూస్తే అదే టార్క్‌కి స్టడ్డు ఇంకా ఎక్కువ లాగబడుతుంది. జాకీ మీద ఉండగా నట్లన్నీ ముందు చేత్తో, తర్వాత పానాతో కొద్దిగా బిగించండి. వరసగా కాదు, ఒకటి బిగించాక ఎదురుదానికి వెళ్లండి. చక్రం నేలకు దించాకే చివరి బిగింపు. 50-100 కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి చూసుకోండి.

సరిగ్గా కొలిచి బిగించడానికి టార్క్ రెంచ్ ఉంది. అంకె పెట్టి బిగిస్తే, అంత రాగానే టక్ మంటుంది. అక్కడితో ఆపాలి. దాంతో నట్లు ఊడదీయొద్దు. ప్రతి ఇంటికీ ఎందుకు? స్ప్రేయర్ ఒకరి దగ్గర ఒకరం తెచ్చుకోవట్లేదా? పది ఇళ్లు కలిసి ఒకటి కొంటే చాలు. నా వాటా నేనిస్తా.

షాపులో గన్ పట్టుకున్న కుర్రాడికి చెప్పండి, "గన్‌తో కొద్దిగా చాలు, మిగతాది చేత్తో" అని. మొహమాటపడొద్దు. ఇంకో మాట, ఈ సాయంత్రమే ఇంటి ముందు మీ పానాతో ఒక్కో నట్టు వదులు చేసి చూడండి. అక్కడ రానిది అర్ధరాత్రి రోడ్డు మీద అస్సలు రాదు.