చుట్టకు తారు పట్టుట: మా అభిప్రాయము

దిల్‌సుఖ్‌నగరు దారిని పట్టణమునకు కూరగాయలు తెచ్చు మన సభ్యులలో చుట్ట కాల్చువారు పెక్కురు గలరు. వారిలో నొక పెద్దరైతు, "అయ్యా! చుట్ట సగము కాలకముందే కొసకు నల్లని చేదు దిగుచున్నది. ఇది ఆకు దోషమా, కాల్చువాని దోషమా?" యని మమ్మడిగెను. రెండును గలవని మా సమాధానము.

ఆకు కాలునపుడు పొగతోపాటు నీటియావిరియు తారును బయలుదేరును. పొగ నోటివైపు వచ్చుచు చల్లారును. చల్లారినకొలది తారు ఆకు పొరలకంటి కొసయందు చేరును. ఆకు చెమ్మగా నున్నను, చుట్టను మిక్కిలి బిగించినను, గబగబ పీల్చినను ఈ చేరిక హెచ్చును.

గోదావరి లంకలలో ఒండ్రునేలను పండు లంకపొగాకు చుట్టలకు ప్రసిద్ధము. ఆకును తోరణములుగా గ్రుచ్చి యారవేసి, పిమ్మట కుప్పవేసి మాగబెట్టుదురు. ఆకు చక్కగా మాగకముందే తొందరపడి యమ్మినచో చెమ్మయు ఘాటును మిగులును. కావున దోషములో కొంత పండించు మనదియే.

ఇక కాల్చువాడు చుట్టలను వానకాలమున చెమ్మ తగులని డబ్బాలో నుంచవలెను. నిమిషమున కొక్కమారుకంటె నెక్కువ లాగరాదు. ఆరిన చుట్టను మరల ముట్టించునపుడు బూడిద రాల్చి, లోని పాతపొగను బయటి కూదవలెను. కడపటి మూడవపాలు కాల్చక పారవేయవలెను.

ఇంతటితో నూరకున్నచో మేము సభ్యులను మోసగించినవారమగుదుము. కొసను కనబడు తారు కొంత మాత్రమే. కనబడనిది నోటిలోనికిని గొంతులోనికిని పోవుచున్నది. "మేము పొగ మ్రింగము" అనువారికిని నోటి కేన్సరు, గొంతు కేన్సరు భయము తప్పదు. ఉత్తరాంధ్ర తీరమున కొందరు స్త్రీలు నిప్పుకొసను నోటిలోనుంచి అడ్డపొగ త్రాగుదురు. దానివలన అంగిట కేన్సరు పుట్టుచున్నదని విశాఖపట్టణపు వైద్యులు 1957లోనే ప్రకటించిరి. పొగాకు పొగ కేన్సరుకు కారణమని 1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సరు పరిశోధన సంస్థయు తేల్చినది.

"మా తాత తొంబదియేండ్లు చుట్ట కాల్చి బ్రతికెను" అందురు. తెగులు సోకిన చేనిలోను నాలుగు మొక్కలు నిలుచును. వానిని చూపి చేనికి మందు మానుదుమా?

పొగాకు సాగునకు సలహాలిచ్చిన మేమే యిట్లు వ్రాయుట కొందరికి వింతగా దోచవచ్చును. పంట వేరు, రైతు ప్రాణము వేరు. పంట చెడినచో మరుసటేడు విత్తుకొనవచ్చును. ప్రాణమున కట్టి యవకాశము లేదు.

కావున పై జాగ్రత్తలు మానలేనివారికి మాత్రమే. మానగలవారు నేడే మానుదురు గాక. నోట తెల్లని గాని యెఱ్ఱని గాని మచ్చ యేర్పడినను, పుండు రెండువారములలో మానకున్నను, ఆలసింపక వైద్యునికి చూపుకొనవలెను. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని మెహదీ నవాజ్ జంగ్ ఆసుపత్రి ప్రభుత్వముది. అచ్చటికి పోవుటకు సభ్యులు సిగ్గుపడరాదని మా మనవి.