ట్యాబు చెడితే తిట్లు మాకేనా?

2022 డిసెంబరులో ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు 5 లక్షలకు పైగా ట్యాబులు ఇచ్చింది. మా అక్కకు వచ్చిన దాంతోనే ఇప్పుడు నేను చదువుతున్నా. చార్జింగు ఒక పీరియడు కూడా రాదు. రిపేరుకు తీసుకపోతే "మీరే చెడగొట్టినారు, వారంటీ అయిపోయింది" అన్నారు. మాయమ్మ కూడా నన్నే తిట్టింది.

లిథియం బ్యాటరీ వాడకున్నా ఏండ్లు గడిస్తే తగ్గిపోతుంది, వేడికి ఇంకా తొందరగా. మన కర్నూలు ఎండకు రేకుల కింద ట్రంకుపెట్టెలో పెడితే ఏం మిగులుతుంది? వారంటీ లెక్క చెడిన రోజు నుంచి కాదు, ఇచ్చిన రోజు నుంచి. తిడతారని భయపడి మేము ఏడాది చెప్పనే లేదు. అదొక్కటి మా తప్పు.

వార్డెన్ మేడం గారూ, ప్రతి ట్యాబు నంబరు, ఇచ్చిన తేదీ ఒక నోటుబుక్కులో రాయించండి. చెడిందని చెప్పినోళ్లను తిట్టొద్దు. దిండు కింద చార్జింగు పెట్టే అక్కలారా, ట్యాబు వీపు ఉబ్బితే వైరు పీకేసి మేడంకు చూపించండి.