చీటీ చాటు మినహాయింపు

జ్వరం చూసుకునే థర్మామీటరు తయారీకి లైసెన్సు కావాలి. దవడ ఎముకలో దించిన ఇంప్లాంటుపై బిగించే అబట్‌మెంటును డెంటల్ ల్యాబు తయారుచేస్తే మాత్రం అక్కర్లేదట! వైద్య పరికరాల నిబంధనలు-2017 ఎనిమిదో షెడ్యూలు ‘కస్టమ్ మేడ్’ పరికరాలకు ఇచ్చిన మినహాయింపు చలవ ఇది. 2022 అక్టోబరు నుంచి ముప్పు తక్కువున్న ఎ, బి తరగతులు, 2023 అక్టోబరు నుంచి ముప్పు ఎక్కువున్న సి, డి తరగతుల పరికరాలు చాలావరకు లైసెన్సుల పరిధిలోకి వచ్చినా ఈ గండి పూడలేదు. ఒక్కో రోగి కొలతకు చేసే వస్తువును ఫ్యాక్టరీ సరుకులా పరీక్షించడం కుదరదన్న మాట నిజమే. ఆ నిజాన్ని అడ్డుపెట్టుకుని సాగుతున్న వాదనే సహించరానిది. ‘డాక్టరు చీటీ రాశారు, ఆ రోగి కోసమే చేశాం, కాబట్టి మాకు నిబంధనలు వర్తించవు’ అంటున్నాయి కొన్ని ల్యాబులు. వాటికి వంతపాడుతున్నాయి కొన్ని క్లినిక్కులు.

అబట్‌మెంటును ఒకసారి చేతిలోకి తీసుకుని చూస్తే ఈ వాదన బండారం బయటపడుతుంది. దాని పైభాగాన్ని రోగి చిగురు వంపును బట్టి మలుస్తారు. అది ఆ ఒక్కరికే సరిపోతుంది. ఇంప్లాంటులోకి దిగే కింది భాగం అలా కాదు. అది కంపెనీని బట్టి, మోడల్‌ను బట్టి మారుతుందే తప్ప రోగిని బట్టి మారదు. దాన్ని పట్టి ఉంచే స్క్రూ సంగతీ అంతే. మైక్రాన్లలో కొలిచే ఆ అమరికలో తేడా వస్తే స్క్రూ వదులవుతుంది, ఒక్కోసారి విరుగుతుంది. సందులో చేరిన సూక్ష్మజీవుల వల్ల చిగురు వాచి, ఎముక కరిగే ప్రమాదమూ ఉంది. అంటే, రోగికి ఎక్కువ ముప్పు తెచ్చే భాగం అసలు ‘కస్టమ్’ కానే కాదు! యంత్రంలో టైటానియం డిస్కు బిగించి, అదే కంప్యూటర్ డిజైన్ ఫైలుతో అదే జోడింపును ఎందరికో కోసిపెట్టడం టోకు ఉత్పత్తి కాక మరేమిటి? టోకుగా చేసినవి కస్టమ్ మేడ్ కిందకు రావని మన నిబంధనల్లోని నిర్వచనమే చెబుతోంది. ఆ వాక్యం మాత్రం వీరి కంట పడదు.

ఇక వీరు చూపించే చీటీ సంగతి. సంబంధిత నిపుణుడు తన బాధ్యతపై, నిర్దిష్ట రోగి కోసం రాతపూర్వకంగా ఇస్తేనే మినహాయింపు చెల్లుతుంది. ల్యాబుకు వెళ్లే చీటీల్లో చాలావాటిపై ఉండేది ఇంతే: ‘46, కస్టమ్ అబట్‌మెంట్, జిర్కోనియా, షేడ్ ఎ2’. పన్ను నంబరు ఉంది, రంగు ఉంది. ఏ కంపెనీ ఇంప్లాంటు, వ్యాసం ఎంత, ఏ గ్రేడు టైటానియం, స్క్రూ ఎవరిది అన్నవి లేవు. వాటిని ల్యాబు ఫోను చేసి కనుక్కోవాలి, లేదంటే ఊహించుకోవాలి. జిప్ కవర్లో తిరిగొచ్చే ముక్కపై నిబంధన కోరిన ‘కస్టమ్ మేడ్ డివైస్’ అన్న లేబులూ కనిపించదు. షరతులను గాలికొదిలి మినహాయింపును మాత్రం హక్కుగా చెప్పుకోవడం ఏ నీతి?

ఐరోపా సమాఖ్యలో 2021 మే 26 నుంచి అమల్లో ఉన్న చట్టం ఈ దొడ్డిదారిని మూసేసింది. పారిశ్రామిక పద్ధతిలో టోకుగా తయారైన వస్తువు, వైద్యుడి చీటీ ఉన్నా సరే, అక్కడ కస్టమ్ మేడ్ కాదు. అసలైన కస్టమ్ మేడ్ పరికరం వెంట కూడా తయారీదారు ధ్రువపత్రం ఉండాలి, అది రోగికి అందుబాటులో ఉండాలి. శరీరంలో అమర్చేవాటి పత్రాలను కనీసం 15 ఏళ్లు భద్రపరచాలి. అమెరికా 2012లో చేసిన చట్టం ఒక్కో రకం కస్టమ్ పరికరాన్ని ఏడాదికి 5కి మించి చేయనివ్వదు.

నలుగురైదుగురు పనిచేసే చిన్న ల్యాబు పూర్తిస్థాయి లైసెన్సు భారం మోయలేదన్న అభ్యంతరం సబబే. మేం కోరుతున్నదీ అది కాదు. ఇంప్లాంటులోకి దిగే భాగమూ, స్క్రూ లైసెన్సున్న తయారీదారు నుంచే రావాలి. ల్యాబు పైభాగాన్ని మాత్రమే మలచాలి. ల్యాబు పేరు, లోహం గ్రేడు, బ్యాచ్ నంబరు ఉన్న కాగితం రోగి చేతికి అందాలి. ఈ కాగితానికయ్యే ఖర్చుతో ఏ ల్యాబూ మూతపడదు.

పరికరం ఎవరికి అమర్చారో జాడ తెలియకపోతే ఏమవుతుందో దేశం ఒకసారి చూసింది. డీప్యూ సంస్థ ఏఎస్ఆర్ కృత్రిమ తుంటి కీళ్లను 2010లో వెనక్కి తీసుకున్నప్పుడు, వాటిని అమర్చుకున్న వేలమంది ఎక్కడున్నారో తెలియలేదు. పేరుమోసిన కంపెనీ సరుకు విషయంలోనే అలా జరిగితే, పేరైనా లేని జిప్ కవరు ముక్కకు జవాబుదారీ ఎవరు?

‘కస్టమ్ మేడ్’ అంటే ఏమిటో, ఏది కాదో కేంద్రం ఇంప్లాంటు విడిభాగాల వారీగా స్పష్టం చేయాలి. తెలుగు రాష్ట్రాల ఔషధ నియంత్రణ అధికారులు మందుల దుకాణాల తనిఖీతో సరిపెట్టక, లేబుల్ షరతు అమలవుతున్నదీ లేనిదీ ల్యాబుల్లో చూడాలి. అంతవరకు రోగులే మేలుకోవాలి. ఇంప్లాంటుకు డబ్బు కట్టేముందు, నోట్లో పెట్టే లోహం ఏమిటో, ఎవరు చేశారో కాగితంపై రాసిమ్మని అడగండి. అది మీ హక్కు.