తోటకు పోయే కుక్కకూ సద్దిమూట

మామిడి కోతలు మొదలైతే మా చిత్తూరు, తిరుపతి వైపు సగం సంసారం తోటకు మారిపోతుంది. దామలచెరువు, బంగారుపాళ్యం, పుత్తూరు, ఎటు పోయినా అంతే. మే నెలలో బేనీషా, జూన్, జూలైల్లో తోతాపురి. మగవాళ్ళు రాత్రిళ్ళు కాపలా పడుకుంటారు, సెలవులుంటే పిల్లలూ మేమొస్తామని వెంటపడతారు. నులక మంచం, దుప్పట్లు, చార్జింగు లైటు, పొయ్యికి నాలుగు కట్టెలు, అన్నీ ట్రాక్టరెక్కుతాయి. వాటితోబాటు ఎవరూ పిలవకుండానే ఎక్కి కూర్చునేది ఇంటి కుక్క.

మనుషులకు సద్దిమూట కడతాం. పిల్లలకు మురుకులు, బొరుగులు కూడా మరచిపోం. కుక్క సంగతేమిటని అడిగితే మాత్రం "దానికేముంది, మిగిలింది తింటుంది, బోరు దగ్గర తాగుతుంది" అంటారు. ఇంటి దగ్గర ఆ మాట చెల్లుతుందేమో గానీ తోటలో చెల్లదండీ. తోటలో కుక్కకు వచ్చే కష్టాల్లో చాలా వరకు దాని తిండి వల్ల, నీళ్ళ వల్ల వచ్చేవే. అందుకే ఈ వారం కుక్క సద్దిమూట గురించి రాస్తున్నాను. కుక్కలు లేని ఇళ్ళవాళ్ళు కూడా మందు డబ్బాల గురించి రాసింది మాత్రం తప్పక చదవండి.

ముందు ఎన్నాళ్ళకు సర్దుకోవాలో చూసుకుందాం. 2025 సీజను గుర్తుంది కదా! తోతాపురి ధర పడిపోయి, కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి 12 అని ప్రకటించినా, గుజ్జు ఫ్యాక్టరీల ముందు కాయల బండ్లు రోజుల తరబడి వరసలో నిలబడ్డాయి. రెండు రాత్రుల పని అనుకుని పోయినవాళ్ళు వారం ఉండిపోయారు. కాబట్టి అనుకున్నదానికి రెండు రోజులు ఎక్కువగానే సర్దండి.

ఇక నీళ్ళు. కుక్కకు రోజుకు దాని బరువులో కిలోకు సుమారు 50, 60 మిల్లీలీటర్ల నీళ్ళు కావాలి. అంటే ఇరవై కిలోల కుక్కకు లీటరు, లీటరుంపావు. ఇది నీడపట్టున ఉన్నప్పటి లెక్క. మన ఎండల్లో, కోతుల వెంట పరుగులు పెట్టే కుక్కకు రెండింతలు పెట్టుకోండి. షాపులో కొన్న ఎండు తిండి పెట్టేవాళ్ళు ఇంకొంచెం ఎక్కువే ఉంచాలి. మనం వండిన సంగటిలో, అన్నంలో సగానికి పైగా నీళ్ళే ఉంటాయి, ఎండు తిండిలో నూటికి పది పాళ్ళే. రెండు కుక్కలతో రెండు రోజులు ఉండాలంటే ఇరవై లీటర్ల క్యాను ఒకటి వాటికోసమే పెట్టుకుంటే నిశ్చింత. బోరుంది కదా అంటారు. కరెంటు ఎప్పుడొస్తుందో బోరుకే తెలియదు. కుంటల్లో నిలవున్న పాచి నీళ్ళు, ఎలుకలు తిరిగే కాలువ నీళ్ళు కుక్కకూ మంచివి కావు. ఎలుక మూత్రం కలిసిన నీళ్ళతో వచ్చే లెప్టోస్పైరోసిస్ కుక్క నుంచి మనుషులకు కూడా వస్తుంది.

క్యాను ఎండలో పెట్టకండి. మన పాత కడవ ఉందే, దాన్ని మించింది లేదు. చెట్టు కింద ఇసుకలో కుదురు చేసి కడవ పెట్టి తడి గోతం చుట్టండి, మధ్యాహ్నానికి కూడా చల్లగా ఉంటాయి. తాగడానికి తేలిక గిన్నె పెడితే కుక్క కాలు తగిలి ఒలికిపోతుంది, ఉన్న నీళ్ళు నేలపాలు. పాత రుబ్బురోలు తోటలో ఓ మూల పడేసి ఉంటే అదే మంచి తొట్టి. బరువు కాబట్టి పడదు, రాయి కాబట్టి తొందరగా వేడెక్కదు. రోజూ ఒంపి, కడిగి, కొత్త నీళ్ళు పోయాలి. లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి.

మందు డబ్బాలు అన్నాను కదా. పూత మీద తేనెమంచు పురుగుకు కొట్టిన మందుల ఖాళీ డబ్బాలు కోతల నాటికి కూడా గుడిసె చూరులో వేలాడుతూనే ఉంటాయి. గట్టి ప్లాస్టిక్కు, మూత బిగుతు, పిడి కూడా ఉంటుంది. పారేయడానికి మనసొప్పదు. మా తోడికోడలు పుట్టింటివాళ్ళ తోటలో నాలుగేళ్ళ కిందట ఇలాంటి తెల్ల డబ్బా ఒకటుండేది. పైనున్న కాగితం ఎప్పుడో ఊడిపోయింది. కాపలాకు వచ్చిన కుర్రవాడు ఒకసారి తొలిచి, నీళ్ళు పట్టి, మనుషులకు కాదు కదా అని కుక్కకు పోశాడు. కాసేపటికి దాని నోటెంట సొంగ కారడం మొదలైంది. ఒళ్ళంతా వణికి వెనక కాళ్ళు పడిపోయాయి. ఇంట్లో ఎవరో ఉప్పునీళ్ళు పట్టమన్నారు, ఇంకెవరో చింతపండు పులుసన్నారు. అవి పట్టడంలోనే అరగంట పోయింది. ఆటోలో వేసుకుని పట్నం చేరేలోగా ప్రాణం పోయింది. తొమ్మిదేళ్ళు ఆ తోట కాచిన కుక్క! ఆ ఇంటి పెద్దాయన రెండు రోజులు అన్నం ముట్టలేదట. ఆ డబ్బాలోంచే మరునాడు కోతకూలీలకు నీళ్ళు పోసి ఉంటే?

అందుకని చెబుతున్నాను. మందు డబ్బా ఎన్నిసార్లు కడిగినా మందు డబ్బానే. దానికి కత్తితో నాలుగు చిల్లులు పొడిచేస్తే మళ్ళీ ఎవరూ వాడలేరు. మందు కలిపే డ్రమ్ము బోర్లించి ఉంచండి, వాన పడితే అందులో నిలిచిన నీళ్ళు కుక్క తాగుతుంది. ఒకవేళ తాగిందని అనుమానం వస్తే ఇంటి వైద్యం చేయకండి, వాంతి చేయించబోకండి. మందు డబ్బాను లేదా దాని కాగితాన్ని చేత్తో పట్టుకుని నేరుగా పశువుల డాక్టరు దగ్గరికి పోండి. ఏ మందో తెలిస్తే విరుగుడు ఇవ్వడం వాళ్ళకు సులువు. తిరుపతికి దగ్గర్లో ఉన్నవాళ్ళకు 1955 నుంచి ఉన్న పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది.

తిండి విషయానికొద్దాం. మన కుక్కలు సంగటికి అలవాటు పడ్డవి. గొర్రెల మందలు తోలుకొచ్చే కాపరులు తాము తినే ముద్దే కుక్కలకూ పెడతారు. సంగటి మంచిదే గానీ సంగటి ఒక్కటే చాలదు, ఉడికించిన గుడ్డో, ఎముకలు తీసిన కోడిమాంసమో, కాస్త పెరుగో పడాలి. తోటలో నేను చేసే పద్ధతి ఇది: గ్లాసుడు నూకలు నాలుగు గ్లాసుల నీళ్ళలో మెత్తగా ఉడకనిచ్చి, గ్లాసున్నర రాగిపిండి పోసి, మూతపెట్టి సన్నమంట మీద మగ్గనిచ్చి, తెడ్డుతో గెలకాలి. ఉప్పు వేయకముందే కుక్క వాటా తీసి పక్కన పెట్టేస్తాను. మన పప్పులుసు, చారు దాని మీద పోయకండి. ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్కల రక్తాన్ని విరిచేస్తాయి. ఎండు ద్రాక్ష కూడా వద్దు, దానివల్ల వాటి మూత్రపిండాలు దెబ్బతింటాయి. పాయసంలో మిగిలినవి ప్రేమగా పెట్టేవాళ్ళున్నారు కాబట్టి చెబుతున్నా.

వండి మోసుకుపోవడం కన్నా పిండి, నూకలు మోసుకుపోయి అక్కడే ఏ పూటకాపూట వండడం మేలు. పొద్దున ముద్ద సాయంత్రానికి పులుస్తుంది. మాంసం కలిపిన అన్నమైతే ఈ ఎండల్లో గంట దాటితే పెట్టకండి. మజ్జిగ కలిపిన ముద్దను కళాయి లేని ఇత్తడి గిన్నెలో ఉంచితే చిలుము పడుతుంది. స్టీలుదో, మట్టిదో పెట్టుకోండి. చీమల బాధకు మన అవ్వల నాటి ఉపాయమే, పళ్ళెంలో నీళ్ళు పోసి మధ్యలో గిన్నె పెట్టడం.

పెడిగ్రీ అని మనమంతా అనే ఎండు తిండి కొనేవాళ్ళకు ఒక మాట. సంచీ విప్పి డబ్బాలో పోయకుండా, సంచీతోనే స్టీలు డబ్బాలో దించి, పైన మడిచి మూత పెట్టండి. తేదీ ఆ సంచీ మీదే ఉంటుంది. పాతది అడుగున ఉండగానే కొత్తది పోయకండి, అడుగున చేరిన కొవ్వు కనరు వాసన వచ్చి కొత్తది కూడా పాడవుతుంది. కారు డిక్కీలో వదిలేయకండి. ఇంకో సంగతి, మా పల్లెల్లో గుళికలంటే పురుగుమందు గుళికలే. కుక్క తిండీ గుళికల్లాగే ఉంటుంది కాబట్టి రెండూ ఒకే గుడిసెలో ఒకే రకం డబ్బాల్లో ఉంచకండి. చీకట్లో చెయ్యి ఏ డబ్బాలోకి పోతుందో ఎవరు చూడొచ్చారు?

రాయలసీమవాళ్ళం కదా, చెనక్కాయలు లేని ఇల్లుండదు. పుచ్చిన కాయలు, బూజు పట్టిన చెక్క "మనకు పనికిరావు, కుక్కకు వెయ్" అనడం మామూలే. ఇది చాలా ప్రమాదం. బూజులో పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషం కాలేయాన్ని తినేస్తుంది, ఉడికించినా పోదు. ఈ విషం గుట్టు బయటపడిందే చెనక్కాయ పిండి వల్ల. 1960లో ఇంగ్లండులో ఆ పిండి తిని లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చిపోయాయి. 2020 చివర్లో అమెరికాలో ఇదే విషం ఉన్న కంపెనీ తిండి వల్ల వందకు మించి కుక్కలు పోయాయి. తిండి మానేసి, వాంతులై, చిగుళ్ళు పచ్చబడితే ఆలస్యం చేయకూడదు.

మామిడి తోటలో మరో చిక్కు టెంక. రాలిన పండు కుక్క ఇష్టంగా తింటుంది, గుజ్జు తింటే భయం లేదు. టెంక మింగితే పేగులో అడ్డం పడుతుంది. తిన్నది తిన్నట్టు కక్కి, దొడ్డికి పోకుండా ముడుచుకుని పడుకుంటే ఆపరేషను దాకా పోవచ్చు. పిల్లలు చీకి పారేసిన టెంకలు ఒక బుట్టలో వేయించండి.

అన్నిటికన్నా పెద్ద జాగ్రత్త పొద్దు వాలాక ఉంది. శేషాచలం పక్కన ఉన్న మనకు చిరుత కొత్త కాదు. 2023లో అలిపిరి నడకదారిలో జూన్‌లో ఒక పిల్లవాడి మీద చిరుత దాడి చేసింది, ఆగస్టులో ఒక చిన్నపాప ప్రాణమే పోయింది. చిరుతకు ఇష్టమైన వేట కుక్క. మహారాష్ట్రలో అప్పటి అహ్మద్‌నగర్ జిల్లాలో పొలాల మధ్య తిరిగే చిరుతలను పరిశీలించి 2014లో రాసినవాళ్ళు, అవి తినే తిండిలో బరువు లెక్కన 39 పాళ్ళు కుక్కలేనని తేల్చారు. మరి మనవాళ్ళేం చేస్తారు? దొంగలొస్తే అరుస్తుందని కుక్కను తోట చివర ఒంటరిగా కట్టేసి, పక్కనే ఎంగిలి గిన్నె వదిలేస్తారు. మేకను ఎర కట్టినట్టే కదా ఇది! పైగా తోట చివరకు వచ్చిన చిరుత మంచం దాకా రాదని చెప్పలేం.

సాయంత్రం ఆరు లోపలే కుక్కకు పెట్టేయండి. తిన్నాక గిన్నె కడిగి గుడిసెలోకి, మిగిలింది దూరంగా గుంత తీసి పూడ్చండి. కోడి కోసిన ఈకలు, పేగులు కూడా అంతే. రాత్రి నీళ్ళు మంచం పక్కనే ఉండాలి, కుక్కా అక్కడే, లైటు వెలుగులో ఉండాలి. హిమాలయాల్లో గొర్రెల కాపరులు కుక్కల మెడకు ఇనుప ముళ్ళ పట్టీలు కడతారు, పీక పట్టకుండా. మన కమ్మరి చేత చేయించుకోవడం పెద్ద పనేం కాదు.

పలమనేరు, కుప్పం వైపు వాళ్ళకు ఏనుగుల భయం ఉండనే ఉంది. 2025లో కర్ణాటక నుంచి కుంకీ ఏనుగులను తెచ్చుకునేదాకా వచ్చింది. అక్కడ గుడిసెలో రాగిపిండి, బెల్లం, ఉప్పు మూటలు నిలవ పెట్టకండి, ఏ రోజుది ఆ రోజు తెచ్చుకోండి. కుక్కను విడిచిపెట్టకండి. ఏనుగును చూసి మొరిగి, భయపడి, పరిగెత్తుకొచ్చేది మన దగ్గరికే.

తోట నుంచి అటే తలకోన చూసి వద్దామనుకునేవాళ్ళు కుక్కను తోటలోనో, ఇంట్లోనో నమ్మకమైనవాళ్ళకు అప్పజెప్పి పోండి. అది 1989 నుంచి జాతీయ పార్కుగా ఉన్న శ్రీ వెంకటేశ్వర అడవిలోది. కుక్కలకు వచ్చే డిస్టెంపర్ జబ్బు అడవి జంతువులకూ సోకుతుంది. 2018లో గుజరాత్ గిర్ అడవిలో కొద్ది వారాల్లోనే ఇరవైకి పైగా సింహాలు చనిపోతే, కొన్నింట్లో ఆ జబ్బే బయటపడింది. అడవిలో ఉండే రేచుకుక్కలు మన కుక్కల దాయాదులేగా!

తిరిగొచ్చాక మిగిలిన పిండిని ఇంటి డబ్బాలో కలపకండి, పురుగు పడితే అంతా పాడు. గిన్నెలు సీకాయతో తోమి ఎండలో బోర్లించండి. జూలై 6న పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తుంటారు. అది సరిగ్గా తోతాపురి కోతల మధ్యలో వస్తుంది, మరచిపోవడం సులువు. క్యాలెండరులో ఇప్పుడే గుండ్రం చుట్టేయండి. పశువైద్య సంచార వాహనానికి 1962 నంబరు. దాన్ని గుడిసె తలుపు మీద బొగ్గుతో రాసిపెట్టండి, ఫోనులో చార్జింగు ఉన్నా చూపు ఆనని పెద్దవాళ్ళు కాపలా ఉంటారు కదా.