మౌనం అంగీకారమేనా?

గత షవ్వాల్‌లో సెలవుల అనంతరం మా మద్రసా తెరచిన రోజున గోడపై ఒక కాగితం అంటించాము. ఇకపై హిఫ్జ్ విభాగపు పిల్లలకు ఉదయం 8 నుండి 12 వరకు తెలుగు, గణితం, సామాన్యశాస్త్రం బోధింపబడతాయనీ, మన్‌జిల్ అస్ర్ నమాజు తర్వాతకు మార్చబడినదనీ దాని సారాంశం. ఆ నిర్ణయం గైకొన్న ఐదుగురిలో మేమూ ఒకరము. ఉద్దేశం మంచిదే. హాఫిజ్ అయిన పిల్లవాడు పదవ తరగతి పరీక్ష కూడా వ్రాయాలని తల్లిదండ్రులు ఏళ్ల తరబడి కోరుతున్నారు. ఉపాధ్యాయులను సమావేశపరచి, నిర్ణయాన్ని చదివి వినిపించి, చివర “ఎవరికైనా అభ్యంతరం ఉన్నదా?” అని అడిగాము. ఎవరూ పెదవి విప్పలేదు. అందరూ అంగీకరించారని పుస్తకంలో వ్రాసుకున్నాము.

నికాహ్ వేళ కన్య మౌనాన్ని ఆమె సమ్మతిగా గ్రహించవచ్చునని హదీసులో ఉన్నది. జీతం తీసుకునే ఉపాధ్యాయుని మౌనానికి కూడా అది వర్తిస్తుందని మేము ఏ గ్రంథంలోనూ చదువలేదు. పైగా, మౌనంగా ఉన్నవానికి ఏ మాటనూ ఆపాదించరాదన్నది ఫిఖ్‌హ్‌లో ప్రసిద్ధ సూత్రం. దానిని విద్యార్థులకు ప్రతి ఏటా బోధించేది మేమే!

సఫర్ మాసం వచ్చేసరికి పిల్లలు పాత పారాలు మరచిపోసాగారు. సబఖ్ అంటే ఆనాటి కొత్త పాఠం. మన్‌జిల్ అంటే లోగడ కంఠస్థం చేసిన భాగాన్ని వంతులవారీగా తిరిగి అప్పజెప్పడం. కొత్త పాఠం ఎంత బాగా వచ్చినా మన్‌జిల్ సడలితే హిఫ్జ్ నిలవదు. అస్ర్ తర్వాత అలసిన పిల్లవాని చూపు ఆటస్థలం మీద ఉంటుంది. ఇరవై ఏళ్లుగా హిఫ్జ్ చెబుతున్న ఉస్తాదుగారికి ఇది మొదటి రోజే తెలుసు. మాకు మాత్రం వంటశాల నుండి కబురు వచ్చింది: “హాఫిజ్ సాబ్ ఈ ఏడాదితో వెళ్లిపోతారట.”

ఆయన గదికి వెళ్లాము. ముందే ఎందుకు చెప్పలేదని అడిగాము.

“మౌలానా, నిర్ణయం అయిపోయిన తర్వాత గదా మీరు అడిగింది. అప్పుడు నేను ఏమని చెప్పాలి?” అన్నారు. మా వద్ద జవాబు లేకపోయింది.

ఆ రాత్రి హుదైబియా సంఘటన గుర్తుకు వచ్చింది. హిజ్రీ 6వ సంవత్సరంలో దాదాపు 1400 మంది సహాబాలు ఉమ్రా కోసం బయలుదేరి, ఒడంబడిక కారణంగా కాబాను దర్శించకుండానే మరలవలసి వచ్చింది. ఖుర్బానీ చేసి తలవెంట్రుకలు తీయించుకోండని దైవప్రవక్త (స) మూడుమార్లు ఆదేశించినా ఎవరూ లేవలేదు. వారు ఆయన కోసం ప్రాణాలివ్వడానికి సిద్ధపడినవారే. దుఃఖం వారిని కదలనివ్వలేదు. ప్రవక్త (స) గుడారంలోకి వెళ్లి హజ్రత్ ఉమ్మె సలమా (రజి)కు విషయం చెప్పారు. ఎవరితోనూ మాట్లాడకుండా ముందు మీ పశువును మీరు జిబహ్ చేసి, క్షురకుని పిలిపించుకోండని ఆమె సలహా ఇచ్చారు. ఆయన అలాగే చేశారు. అది చూసి అందరూ లేచారు.

అదే చోట హజ్రత్ ఉమర్ (రజి) తన మనసులోని ప్రశ్నలను సూటిగా ప్రవక్త (స) ముందే ఉంచారు. ఆయన ఒక్కొక్కదానికీ సమాధానమిచ్చారు. ఫత్‌హ్ సూరా అవతరించినపుడు ఉమర్ (రజి)నే పిలిపించి దానిని వినిపించారు. ప్రశ్నించినవానిని దూరం పెట్టలేదు. అక్కడ నిర్ణయం వెనుక దైవాజ్ఞ ఉన్నది. మా కాలపట్టిక వెనుక ఐదుగురు మనుషుల అంచనా తప్ప మరేమీ లేదు.

ఉపాధ్యాయుల పక్షాన కూడా లోపం లేకపోలేదు. సమావేశంలో మౌనం దాల్చినవారే వరండాలో నాలుగు నెలలు విమర్శించుకున్నారు. ముస్లింల నాయకుల పట్ల శ్రేయోభిలాష ధర్మంలో భాగమన్నప్పుడు, ఆ మాట నాయకుని చెవిన పడాలి గదా! వరండాలో అది గీబత్‌గానే మిగులుతుంది. అయితే ముఖం మీద చెప్పినవానికి మరుసటి నెల ఏమవుతుందోనన్న భయం పోగొట్టవలసింది మాత్రం బాధ్యతలో ఉన్నవారే.

అందరినీ అడిగితే తప్పుడు సలహాలు వస్తాయని మా కమిటీలో ఒక పెద్దమనిషి అన్నారు. రావచ్చు. ఉహుద్‌కు ముందు ప్రవక్త (స) మదీనాలోనే ఉండి పోరాడాలని భావించారు. చాలామంది బయటకు వెళ్లాలని కోరగా వారి మాట మన్నించారు. ఆ యుద్ధంలో డెబ్బై మంది అమరులయ్యారు. దాని తర్వాత అవతరించిన ఆలి ఇమ్రాన్ సూరా 159వ ఆయతులో వారిని మన్నించమనీ, వ్యవహారాలలో వారిని సంప్రదించమనీ ఆదేశం ఉన్నది. అంతటి నష్టం తర్వాత కూడా షూరా రద్దు కాలేదు.

ఈసారి షాబాన్‌లోనే, ఒక్క అక్షరమైనా వ్రాయకముందే అందరం కూర్చున్నాము. వంటమనిషిని కూడా పిలిచాము. మన్‌జిల్ ఉదయమే ఉండాలని, పాఠశాల పాఠాలు 10 గంటలకు మొదలవ్వాలని హాఫిజ్ సాబ్ అన్నారు. అలాగైతే లెక్కలు భోజనం తర్వాతకు పోతాయని, నిద్రమత్తులో ఉన్న పిల్లలకు భిన్నాలు ఎలా చెప్పాలని లెక్కల మాస్టారు అడ్డుతగిలారు. వాదన గంటన్నర సాగింది. ఏది నిర్ణయించినా రబీవుల్ అవ్వల్‌లో మళ్లీ కూర్చుని చూడాలని మాత్రం అందరూ ఒప్పుకున్నారు. హాఫిజ్ సాబ్ అప్పటి వరకైతే ఉంటానన్నారు. గోడపై కాగితం ఇంకా అంటించలేదు.